పేరు వెనుక నున్న సంఖ్య

నాడీకణముల జాలము ఎట్టి సంఘటనలను గుర్తింపగలదను ప్రశ్నను గణితదృష్టితో విచారించుచు, అమెరికా తర్కశాస్త్రజ్ఞుడు స్టీఫెన్ క్లీనీ 1951లో రచించి 1956లో ప్రకటించిన సిద్ధాంతమే నేడు ప్రతి ప్రోగ్రామరు చేతిలోను నున్న రెగ్యులర్ ఎక్స్‌ప్రెషనుకు జన్మస్థానము. కెన్ థాంప్సన్ 1968లో ఆ గణితమును, పాఠములో అక్షరక్రమములను వెదకు ప్రక్రియగా మలచెను. పిమ్మట యూనిక్స్ ద్వారా అది లోకమంతట వ్యాపించినది.

వెదకినది దొరికినదని తెలిసినంతమాత్రమున పని తీరదు. దొరికినదానిలో ఏ భాగము ఎచ్చట నున్నదో కూడ తెలియవలయును. '1956-11-01' అను తేదీని తీసికొందము. సంవత్సరము, నెల, దినము అను మూడు భాగములకును వెదకు నమూనాలో, అనగా రెగ్యులర్ ఎక్స్‌ప్రెషనులో, మూడు కుండలీకరణములను వ్రాసినచో, వెదకు లైబ్రరీ వానిని ఎడమనుండి 1, 2, 3 అని లెక్కించి, రెండవది అయిదవ స్థానమున మొదలై ఏడవ స్థానమునకు ముందే ముగిసినదని, సున్న నుండి ఎంచి, గుర్తుంచుకొనును. కాని మొత్తము తేదీని చుట్టి మరియొక కుండలీకరణమును చేర్చినంతనే సంఖ్యలన్నియు ఒక్కొక్కటి జరుగును. ప్రోగ్రాము ఆగదు, హెచ్చరింపదు, రెండవ భాగమును నెలయని నమ్మి అడిగినవానికి సంవత్సరము నిచ్చి ఊరకుండును.

ఈ చిక్కును తొలగించుటకై పైథాన్ భాష ఈ కుండలీకరణభాగములకు, అనగా గ్రూపులకు, పేర్లు పెట్టు పద్ధతిని ప్రవేశపెట్టెను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఫిలిప్ హేజెల్ 1997లో ఆరంభించిన పీసీఆర్ఈ లైబ్రరీ 2003 నాటి 4.0 సంచికలో దానిని స్వీకరించినది. పెర్ల్ 2007లోను, జావాస్క్రిప్ట్ 2018లోను ఆ మార్గమునకే వచ్చినవి.

పీసీఆర్ఈ ఈ పేర్లను భద్రపరచు తీరు మిక్కిలి ముచ్చటైనది. నమూనాను సిద్ధపరచునపుడే అది యొక పట్టికను నిర్మించును. ప్రతి వరుసలోను తొలి రెండు బైట్లు గ్రూపుసంఖ్యకును, తరువాతివి పేరునకును, చివర నొక సున్న బైటు ముగింపునకును కేటాయింపబడును. ఇయర్, మంత్, డే అను ఇంగ్లీషు పేర్లు పెట్టినచో, వానిలో పొడవైన 'మంత్' ఇంగ్లీషున అయిదక్షరములది కావున, ప్రతి వరుసకును ఎనిమిది బైట్లు పట్టును. వరుసలు ఆంగ్లాక్షరక్రమమున నుండును గనుక డే మొదటను, మంత్ నడుమను, ఇయర్ చివరను నిలుచును. ఇయర్ ఏదని అడిగినపుడు, నిఘంటువును నడుమ తెరచి పదము ముందున్నదో వెనుకనున్నదో చూచునట్లు, లైబ్రరీ మొదట మంత్‌తో పోల్చి, అడిగిన పేరు దానికి తరువాతిదని గ్రహించి, మొదటి సగమును విడిచి రెండవ సగమునకు పోవును. పేరు చిక్కగానే దాని సంఖ్య చిక్కును. సంఖ్య చిక్కగానే ఆద్యంతస్థానములు చిక్కును.

కావున యంత్రము నేటికిని ఎరుగునది సంఖ్యలనే. పేరు కేవలము మానవుని కొరకు నిర్మింపబడినది. ఇది స్వల్పమైన సౌకర్యమని నేను తలపను. తప్పుగా వ్రాసిన సంఖ్య తరచుగా మరియొక గ్రూపునకు చెందినదై, అసత్యమును సత్యమువలె చేతికిచ్చును. తప్పుగా వ్రాసిన పేరో, సాధారణముగా పట్టికలో కనబడక, అట్టి గ్రూపు లేదను సమాధానముతో వెంటనే తిరిగివచ్చి, దోషమును అది పుట్టినచోటనే చూపును.