చంద్రుని చెంతనున్న ఆ చుక్క ఎవరు?



శోభకృత్ నామ సంవత్సర ఉగాది వెళ్ళిన మూడవనాడు, అనగా 2023 మార్చి 24వ తేదీ శుక్రవారం, ఆలయంలో సాయంకాల దీపారాధన ముగిసిన వేళ ఒక తల్లి కలత చెందిన ముఖంతో వచ్చి మండపంలో కూర్చున్నది. "అయ్యగారూ, నెలవంక క్రింద పెద్ద చుక్క ఒకటి అంటుకొని ఉన్నది. ఇది అరిష్టమని మా వీధిలో అందరూ అంటున్నారు. వైశాఖంలో మా అమ్మాయి పెళ్ళి. వియ్యాలవారు ముహూర్తం మార్చుకుందామని కబురు పంపినారు. ఏమి చేయమంటారు?" అని కన్నీరు పెట్టుకున్నది.

"అమ్మా, చెప్పేది తరువాత. ముందు ఆ చుక్కను చూచి వద్దాము రండి" అని ఆమెను ప్రాకారంలోనికి తీసుకొని వెళ్ళినాము. పడమటి ఆకాశంలో సన్నని చంద్రరేఖ, దాని క్రింద ముత్యము వలె ఒక వెలుగు. చూచిన కన్నులకు చేతులు వాటంతట అవే జోడింపబడినవి. ఆనాడు ఆ తల్లితో చెప్పుకొన్న మాటలనే ఈనాడు మీ అందరి ముందు విస్తరించి మనవి చేస్తున్నాము. ఇట్టి దృశ్యం మరల మరల వచ్చునదే. అది వచ్చినప్పుడెల్లా భయమూ దాని వెంటనే వచ్చుచున్నది. భయమునకు మందు తెలిసికొనుటయే.

మొదట చంద్రుని నడక సంగతి. ఆకాశ వలయంలో 360 అంశలు. దానిని మన పెద్దలు 27 నక్షత్రాలుగా విభజించినారు. ఒక్కొక్కటి 13 అంశల 20 కళలు. చంద్రుడు దినమునకు సుమారు ఒక నక్షత్రం చొప్పున నడచి, 27 రోజులు దాటిన కొద్ది గంటలకు మొదటి చోటికి వచ్చును. దక్షుని కుమార్తెలు ఇరువదియేడుగురిని చంద్రుడు పెండ్లాడెనన్న పురాణకథ ఈ నడకనే మనకు గుర్తుచేయును. ఈ దారిలోనే నవగ్రహాలలోని కుజ, బుధ, గురు, శుక్ర, శనులు కూడ సంచరించుదురు. ఒకే వీధిలో నడిచేవారు ఒకరికొకరు ఎదురుపడుట వింత కాదు గదా! చంద్రుడు నెలకొకసారి ప్రతి గ్రహం ప్రక్కనుండి సాగిపోవుచున్నాడు. కొన్ని నెలలలో కాస్త ఎడముగా, కొన్ని నెలలలో మిక్కిలి చేరువగా పోవుట మాత్రమే భేదము. సూర్యసిద్ధాంతంలో గ్రహము చంద్రునితో కూడుటకు 'సమాగమము' అని పేరు. గ్రహాలు తమలో తాము కూడితే యుద్ధమో సమాగమమో అని ఆ గ్రంథం విచారించును గాని, చంద్రునితో కూడికకు యుద్ధమనే మాటను వాడలేదు. ఆ పేరులోనే స్నేహభావమున్నది.

ఇక చంద్రుని చెంతనున్నది ఎవరో గుర్తించుటకు పరికరాలు అక్కరలేదు. పంచాంగము, రెండు కన్నులు చాలును.

మొదట తిథిని చూడండి. సూర్యునినుండి చంద్రుడు 12 అంశలు ఎడమైతే ఒక తిథి. శుక్రుడు మన భూమికంటె సూర్యునికి దగ్గరగా తిరిగేవాడు గనుక, మన కంటికి సూర్యునినుండి 47 అంశలకు మించి ఎన్నడూ దూరం పోడు. 47ను 12చే భాగించండి. దాదాపు నాలుగు తిథులు. కావున చంద్రుని చెంత శుక్రుడు కనిపించుట శుక్లపక్షంలో పంచమి లోపల, సాయంకాలం పడమటనే జరుగును. కృష్ణపక్షంలో అయితే ఏకాదశి మొదలు చతుర్దశి వరకు, తెల్లవారుజామున తూర్పుననే. బుధుడు సూర్యుని 28 అంశలకు మించి విడువడు. కావున అతడు విదియ తదియలలో, దిగంతానికి చేరువగా కొద్దిసేపు కనిపించి అస్తమించును. పున్నమినాడు చంద్రుని ప్రక్కన మెరిసేది శుక్రుడని ఎవరైన అన్నచో, అది కానేరదని మీరు ధైర్యంగా చెప్పవచ్చును. ఆనాడు చంద్రుడు సూర్యునికి సరిగా ఎదుటి దిక్కుననుండును.

అయితే పున్నమినాటి చుక్క ఎవరు? గురువు కావచ్చును, కుజుడు కావచ్చును, శని కావచ్చును. వీరికి తిథితో నిమిత్తం లేదు. గురువు తెల్లని స్థిరకాంతి కలవాడు. శుక్రుని తరువాత గ్రహాలలో సాధారణంగా ఇతడే ప్రకాశవంతుడు. కుజుడు ఎర్రనివాడు. శని కొంచెం పసుపు చాయతో మందంగా వెలుగును. గురువు ఏ రాశిలో ఉన్నాడో తెలిసికొనుటకు మనకు సులభమైన గుర్తు పుష్కరాలు. ఆయన సుమారు ఏడాదికొక రాశి చొప్పున 12 ఏండ్లలో రాశిచక్రం చుట్టి వచ్చును. 2015లో సింహరాశిలో ప్రవేశించగా గోదావరికి, 2016లో కన్యారాశిలో ప్రవేశించగా కృష్ణకు పుష్కరాలు జరిగినవి. ఏ నదికి పుష్కరమో తెలిస్తే గురుని రాశి తెలిసినట్లే. చంద్రుడు ఆ రాశికి వచ్చిన రెండు మూడు రాత్రులలో ఆ ఇద్దరిని దగ్గరగా చూడవచ్చును.

గ్రహమే కాక నక్షత్రమూ కావచ్చును. చంద్రుని త్రోవకు చేరువలో ప్రకాశించే తారలు ముఖ్యంగా నాలుగు: రోహిణి, మఖ, చిత్త, జ్యేష్ఠ. ఆనాటి నక్షత్రం పంచాంగంలో రోహిణి అని ఉంటే, చంద్రుని చేరువనున్న నారింజ వన్నె తార రోహిణియే. జ్యేష్ఠ ఎర్రనిది; దానిని చూచి కుజుడని భ్రమపడేవారు కలరు. ఇక్కడ రెండవ పరీక్ష ఉపయోగపడును. నక్షత్రాలు మిక్కిలి దూరాన బిందువులు గనుక గాలిలోని చలనంవలన వాటి కాంతి మిణుకుమిణుకుమనును. గ్రహాలు చిన్న బింబాలు గనుక, ఆకాశంలో కొంత ఎత్తుకు వచ్చిన పిమ్మట నిలకడగా వెలుగును. రాత్రులందు మిక్కిలి ప్రకాశించే మృగవ్యాధుడు, అగస్త్యుడు మాత్రం చంద్రుని చెంతకు ఎన్నటికీ రారు. క్రాంతివృత్తానికి దక్షిణంగా మృగవ్యాధుడు 40 అంశల దూరాన, అగస్త్యుడు 80 అంశల దూరాన ఉన్నారని సూర్యసిద్ధాంతమే చెప్పినది. చంద్రుడా, ఆ మార్గమునుండి ఐదు అంశలకు పైగా తొలగేది స్వల్పమే.

మూడవ పరీక్ష ఓర్పు. ఒక గంట కూర్చొని చూడండి. చంద్రుడు గంటకు సుమారు తన బింబమంత దూరం తూర్పునకు జరుగును. ఆ ఎడము మారుట మీ కంటికే తెలియును. మరునాటికి ఆ చుక్కను వదలి పదమూడు అంశలు దాటిపోవును. అట్లుగాక ఆ వెలుగు కొద్ది నిమిషాలలోనే ఆకాశాన్ని దాటిపోయినచో అది విమానమో, మానవులు పంపిన కృత్రిమ ఉపగ్రహమో అయి ఉండును.

ఇక ఆ తల్లి ప్రశ్నకు వత్తము. ఆనాడు చంద్రుడు, శుక్రుడు ఇరువురూ మేషరాశిలో ఉన్నారు. పొద్దు వాలే వేళ మన దేశంలో పలుచోట్ల చంద్రబింబం శుక్రుని కొంతసేపు మరుగుపరచినది. చీకటి పడేసరికి ఆయన క్రిందుగా వెలువడి కనిపించినాడు. ఒకరినొకరు తాకినారా? లేదు. చంద్రుడు మనకు సుమారు 3 లక్షల 84 వేల కిలోమీటర్ల దూరాన ఉన్నాడు. శుక్రుడు ఎంత దగ్గరకు వచ్చినా దానికి నూరు రెట్ల దూరాననే ఉండును. వీధి మొగలోని దీపం, దూరాన గుట్టమీది గుడిదీపం ఒకే వరుసలో కనిపించినంత మాత్రాన ఒకదానినొకటి అంటుకొన్నవా? 2008 డిసెంబరు 1న గురుశుక్రులిద్దరూ నెలవంకతో కలిసి కనిపించగా, ఆ కూడిక నవ్వుచున్న ముఖంవలె ఉన్నదని పలుదేశాల ప్రజలు ముచ్చటపడినారు. అదే ఆకాశాన్ని చూచి ఒకరు నవ్వుట, ఒకరు వణకుట మన మనస్సులో ఉన్నదానినిబట్టియే.

మరొక మాట కూడ ఆ తల్లితో చెప్పినాము. "అమ్మా, వివాహాలకు మన పెద్దలు విడిచిపెట్టేది శుక్రమౌఢ్యాన్ని. మౌఢ్యమనగా శుక్రుడు సూర్యకాంతిలో మునిగి కంటికి కనిపించకపోవుట. కనిపించనప్పుడు గదా జంకవలసినది! నేడు ఆయన నెలవంకతో పోటీపడి వెలుగుచుండగా మీరు జంకుట న్యాయమా? మీ ముహూర్తం పెట్టిన సిద్ధాంతిగారు ఈ సంచారమంతా పంచాంగంలో చూచియే పెట్టియుందురు. వారినే అడుగండి. వీధిలో విన్న మాటకు వెరచి పిల్ల పెండ్లిని కదలించకండి." ఆమె కొంతసేపు ఆ వెలుగును చూచి, "ఇంత అందమైనదానిని చూచి నేను ఏడ్చినానా!" అని కొంగుతో కన్నులు తుడుచుకొన్నది. వియ్యపురాలిని కూడ ఆలయానికి తీసుకొని వచ్చి చూపినది. వివాహం అనుకొన్న ముహూర్తానికే జరిగినది.

భక్తులారా, క్షయించుచున్న చంద్రుని శిరస్సున ధరించి పరమేశ్వరుడు చంద్రశేఖరుడైనాడు. ఆ చంద్రుని చూచి మనకు భయమెందుకు? ఇకమీదట చంద్రుని చెంత ఏ వెలుగు కనిపించినా తలుపులు వేసికొనక, మీ పిల్లలను డాబామీదికి పిలువండి. పంచాంగం తెరచి తిథి ఏది, నక్షత్రం ఏది అని వారిచేతనే చదివించండి. ఆ చుక్క ఎవరో వారే చెప్పుదురు. పేరు తెలిసిన పిదప చేసే నమస్కారమే నిండైన నమస్కారము.

సర్వే జనాః సుఖినో భవంతు.