పసుపు, కుంకుమ, బెల్లం: పూజాద్రవ్యాల శుద్ధి

పూర్వం ఇందూరుగా ప్రసిద్ధమైన నిజామాబాదుకు వచ్చే యాత్రికులు నీలకంఠేశ్వరుని దర్శించి, ఖిల్లా రామాలయంలో స్వామికి నమస్కరించి, బాసర సరస్వతీ క్షేత్రానికి సాగిపోవడం పరిపాటి. వారిలో అనేకులు తిరుగు ప్రయాణంలో పసుపు, కుంకుమ, బెల్లం కొనుక్కొని వెళ్తారు. ఈ మూడూ ఈ నేలకు చుట్టాలే. ఆర్మూరు, బాల్కొండ ప్రాంతాలు పసుపు పంటకు పెట్టింది పేరు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు ఈ పట్టణంలోనే ప్రారంభమైంది. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితో బోధన్ పరిసరాలలో చెరకు విస్తరించింది. 1937లో అక్కడ వెలసిన నిజాం చక్కెర కర్మాగారం ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరు పొంది, 2015లో మూతపడింది. ఇక కుంకుమ పసుపు నుంచే పుడుతుంది.

ఇంతటి నేలపై నిలబడి కూడా అంగడిలో మన చేయి మొదట దేనిపైకి పోతుంది? మిక్కిలి మెరిసే పొట్లంపైకి! ఆ మెరుపు ఎక్కడి నుంచి వచ్చిందో విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం. దేవునికి సమర్పించినది ప్రసాదమై తిరిగి మన ఇంటికి, మన పిల్లల నుదుటికి, నోటికి చేరుతుంది. కనుక ఈ విచారణ భక్తిలో భాగమే.

పసుపు: మెరుపు వెనుక

జూన్ మాసంలో నాటిన పసుపు జనవరి నుంచి మార్చి వరకు తవ్వకానికి వస్తుంది. తవ్విన దుంపలను ఉడకబెట్టి, రెండు వారాల పాటు ఎండలో ఆరబెట్టి, డ్రమ్ములో వేసి తిప్పుతారు. పైపొట్టు రాలి కొమ్ములు నునుపు తేలుతాయి. ఇంతవరకు జరిగినది శుద్ధమైన పని. ప్రమాదం మెరుగు పెట్టే ఈ దశలోనే చొరబడడానికి అవకాశం ఉన్నది. రంగు తగ్గిన సరుకుకు లెడ్ క్రోమేట్ అనే పచ్చని సీసపు రంగు పూసి అమ్మే దుర్మార్గం కొన్నిచోట్ల బయటపడింది. మన దేశంలో ఆహార పదార్థాలలో ఆ రంగు వాడకం నిషిద్ధం.

సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఆ నష్టం మందులతో పూర్తిగా తీరేది కాదు. సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది.

పొరుగు దేశమైన బంగ్లాదేశ్ అనుభవం ఈ సందర్భంలో స్మరింపదగినది. 1980లలో వరదలకు తడిసి వన్నె తగ్గిన పసుపును అమ్ముకోవడానికి అక్కడి కొందరు వ్యాపారులు సీసపు రంగును ఆశ్రయించారు. క్రమంగా ప్రజల కంటికి ఆ రంగే అలవాటై, అసలు పసుపు వెలవెలబోయినట్లు తోచింది. 2019లో పరిశోధకులు పరీక్షించగా అంగళ్లలోని నమూనాలలో 47 శాతం సీసం కలిసినవని తేలింది. ప్రభుత్వం దాడులు జరిపి, జరిమానాలు విధించి, ప్రజలకు విషయం వివరించింది. 2021 నాటికి నమూనాలలో సీసం జాడ లేకుండా పోయింది. కొనేవారి కన్ను మారితే అమ్మేవారి చేయి మారుతుందనడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

ఇంటిలో చేయదగిన పరీక్ష ఒకటి ఉన్నది. గాజు గ్లాసులోని నీటిలో పసుపు కొమ్మును వేయాలి. మంచి కొమ్ము వెంటనే రంగు వదలదు. పూత పూసిన కొమ్ము నీటిని పచ్చగా మారుస్తుంది. పొడిని పరీక్షించాలంటే ఒక చెంచాడు నీటిలో వేసి కదపకుండా ఉంచాలి. మంచి పసుపు అడుగుకు దిగుతూ నీటికి లేత పసుపు ఛాయ మాత్రమే ఇస్తుంది. నీరు ముదురు పచ్చగా మారితే అనుమానించవలసిందే. అయితే స్వల్పమైన కల్తీ ఈ పరీక్షకు చిక్కదు. అందువల్ల మెరుగు తక్కువైన కొమ్ములను తెలిసిన రైతు వద్ద కొని, కడిగి ఆరబెట్టి, గిర్నీలో కళ్లెదుటే పట్టించుకోవడం మేలు. అంతకుముందు మిరపకాయలు పట్టి ఉంటే గిర్నీని శుభ్రం చేయించాలి.

కుంకుమ: ఇంటిలోనే తయారీ

దిష్టి తీసే ఎర్రనీళ్లు, పెళ్లికూతురి పాదాలకు పెట్టే పారాణి ఎలా తయారవుతాయో మన ఇళ్లలోని పెద్దలందరికీ తెలుసు. పసుపులో సున్నం కలిపితే ఎరుపు వస్తుంది. పసుపులోని కర్క్యుమిన్ అనే పదార్థం క్షారంతో కలిసినప్పుడు రంగు మారడమే దీనికి కారణం. అయితే అందులో పులుపు తగిలితే ఎరుపు పోయి మళ్లీ పసుపు రంగే వస్తుంది. ఎరుపు నిలిచి ఉండడానికి పెద్దలు వెలిగారం, నిమ్మరసం వాడే పద్ధతిని అనుసరించారు.

పసుపు కొమ్ములను చిన్న ముక్కలుగా కొట్టాలి. వాటి బరువులో సుమారు పదోవంతు వెలిగారాన్ని, కొద్దిగా పటికను పొడిచేసి, ముక్కలు తడిసేటంత నిమ్మరసంలో కలపాలి. ఆ రసంలో ముక్కలను వేసి, పింగాణీ లేదా గాజు పాత్రలో ఉంచి, రోజుకు రెండుసార్లు కలుపుతుండాలి. రసమంతా పీల్చుకున్న తరువాత నీడలో ఎండబెట్టి, రోటిలో దంచి, పలుచని బట్టతో జల్లించాలి. చివరగా రెండు మూడు చుక్కల నెయ్యి వేసి మర్దించాలి. పాళ్లు ఇంటింటికీ కొంత మారుతాయి.

ఇలా వచ్చిన కుంకుమ అంగడి కుంకుమవలె కళ్లు జిగేలుమనిపించదు. ముదురు ఎరుపులో, ఒక్కొక్కసారి ఇటుక ఛాయలో ఉంటుంది. అదే దాని సహజ వర్ణం. నుదుటిపై చెరగని గులాబీ మరక మిగిల్చే కుంకుమలో కృత్రిమ రంగు ఉన్నదని అనుమానించాలి.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరం. ఇంటిలో చేసినంత మాత్రాన కుంకుమ తినదగినది కాదు. వెలిగారం కడుపులోకి పోరాదు. అందుచేత కుంకుమను నైవేద్యపు పళ్లెంలో కాక వేరే గిన్నెలో ఉంచాలి. పసిపిల్లలకు అందనీయరాదు. అలాగే కుంకుమ వేరు, సిందూరం వేరు. సిందూరంలో సీసపు లేదా పాదరసపు సమ్మేళనాలు వాడడం పూర్వం నుంచీ ఉన్నది. ప్రాచీనమైనదంతా నిరపాయకరమని భావించరాదు. సిందూరం తాకిన చేతులను భోజనానికి ముందు తప్పక కడుక్కోవాలి.

బెల్లం: తెలుపు మీది మోజు

చెరకు రసం కాగుతున్నప్పుడు మడ్డి పైకి తేలుతుంది. బెండ మొక్క కాండాన్ని నలిపి తీసిన జిగురును రసంలో వేస్తే మలినాలు గుంపుకట్టి తేలుతాయి, వాటిని తీసివేస్తారు. రసంలోని పులుపు విరగడానికి కొద్దిగా సున్నపు తేట కలుపుతారు. నూరు కిలోల చెరకుకు దాదాపు పది కిలోల బెల్లం వస్తుంది. ఇలా వండిన బెల్లం గోధుమ రంగులో ఉంటుంది.

కొనేవారు లేత పసుపు రంగు బెల్లాన్ని కోరడం వల్ల కొందరు తయారీదారులు హైడ్రోస్ అని వాడుకలో పిలిచే సోడియం హైడ్రోసల్ఫైట్ కలుపుతారు. రంగు విరిగి బెల్లం తెల్లబడుతుంది. కాని ఆ అందం కొంతకాలమే. నిల్వ ఉంచితే మళ్లీ నల్లబడుతుంది, గంధకపు అవశేషం మాత్రం అందులో మిగిలిపోతుంది. ఇట్టి అవశేషం ఉబ్బసం ఉన్నవారికి ఇబ్బంది కలిగించగలదు.

మన ప్రాంతంలో ముదురు బెల్లం పట్ల చులకనకు వేరొక కారణం ఉన్నది. నల్లబెల్లం అనగానే సారా బట్టీలు గుర్తుకు వస్తాయి. పాడైపోయి సారాకు తరలే నల్లబెల్లం వేరు. శుచిగా వండిన గోధుమ రంగు బెల్లం వేరు. మొదటిదానిపై ఏవగింపుతో రెండవదానిని దూరం చేసుకోవడం రైతుకు, మనకు కూడా నష్టమే. పరమాన్నం కొంత ముదురు రంగులో ఉన్నంత మాత్రాన నివేదనకు లోపం రాదు. అయితే మధుమేహం ఉన్నవారికి బెల్లం కూడా చక్కెర వంటిదేనని మరువరాదు.

పూజాపాత్రల శుభ్రత

ఇత్తడి, రాగి పాత్రలకు చింతపండు గుజ్జు చాలు. అందులోని ఆమ్లం చిలుమును కరిగిస్తుంది. జిడ్డు పోవడానికి పది పదిహేను కుంకుడుకాయల గింజలు తీసి, పెచ్చులను రాత్రి నానబెట్టి, ఉదయం మరిగించి పిసికి వడకట్టిన రసం ఉపయోగపడుతుంది. ఈ రసం రెండు మూడు రోజులకు మించి నిలువ ఉండదు, కావలసినంతే చేసుకోవాలి. తోమిన పాత్రను మంచినీటితో బాగా కడిగిన తరువాతనే తీర్థానికి వాడాలి. కళాయి లేని ఇత్తడి పాత్రలో పులిహోర వంటి పుల్లని పదార్థాలు వండరాదు, నిల్వ చేయరాదు.

కుంకుడు రసం కంటిలో పడితే మంట పుడుతుంది. అది చేపలకు హానికరం కూడా. కనుక ఆ నీటిని కోనేటిలోను, చెరువులోను, గోదావరిలోను పోయరాదు; పెరటి నేలలో పోయడం మంచిది.

దాతలకు ఒక మనవి

అన్నదానానికి, నిత్యపూజకు సంభారాలు సమర్పించే దాతలు తూకంతో పాటు నాణ్యతను కూడా సంకల్పంలో చేర్చుకోవలసినదిగా ప్రార్థన. పొడి పసుపుకు బదులు కొమ్ములు ఇవ్వవచ్చు. పది కిలోల తెల్లబెల్లానికి బదులు ఎనిమిది కిలోల రసాయనరహిత బెల్లం ఇచ్చినా పుణ్యానికి కొరత ఉండదు. దుకాణదారుని "హైడ్రోస్ కలపని బెల్లం ఉన్నదా?" అని ఒక్క మాట అడగండి. ఈ రోజు లేదని చెప్పినవాడు, పదిమంది అడిగిన నాడు తెప్పించి ఉంచుతాడు. ఆ మేలు గానుగ వద్ద నిలిచిన రైతుకు, పంక్తిలో కూర్చున్న పసిబిడ్డకు కూడా అందుతుంది.