పిల్లలు చూసేది... మనం చూసేవే!

మొన్న ఆదివారం మధ్యాహ్నం. వంటిల్లు సర్దుకుని అలా నడుం వాల్చానో లేదో, ముందు గదిలోంచి పిల్లల గుసగుసలు. ఇంత నిశ్శబ్దంగా ఆడుకుంటున్నారంటే ఏదో కొంప మునిగినట్టేనని ఏ తల్లికైనా తెలుసు కదా! లేచి వెళ్ళి చూశాను.

మా అమ్మాయి బొమ్మ నేలమీద పడుకుని ఉంది. మెడ చుట్టూ ఎర్రటి మరక. దేవుడి దగ్గరి కుంకుమ భరిణె ఖాళీ. మా ఎనిమిదేళ్ళ వాడు పప్పుగుత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఐదేళ్ళ చెల్లెలు వాడికి సలహా ఇస్తోంది.

"గొంతు కాడ ఇంకొంచెం పొయ్యి అన్నా. టీవీల గట్లనే ఉంటది."

"ఏ టీవీలే?" అన్నాను కోపంగా.

అది నా మొహంలోకి చూసి అమాయకంగా అంది. "నువ్వు చూస్తవు గద మమ్మీ, నాకు అన్నం పెట్టుకుంట!"

ఇక నేనేం మాట్లాడను? అది చెప్పింది నిజమే. రాత్రి దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముద్దలు పెడుతూ నేను చూసేది నేరాల కార్యక్రమం. ఎవరు ఎవరిని ఎందుకు చంపారు, ఎలా చంపారు అని నటులతో మళ్ళీ చేయించి చూపిస్తారే, అది. కథలు రాసుకునేదాన్ని, ఇతివృత్తాలు దొరుకుతాయని నాకు నేను చెప్పుకునే సాకు. దానికి ఐదేళ్ళు, ఏం అర్థమవుతుందిలే అనుకున్నాను. అర్థం కాకపోవచ్చు. కానీ రక్తం ఎక్కడ ఎంత పోయాలో గుర్తుంది!

చూసిందే చేస్తారు

ఇది మా ఇంటి సంగతే కాదు. 1961లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త చిన్నపిల్లలపై ఒక ప్రయోగం చేశాడు. గాలి నింపిన పెద్ద బొమ్మను ఒక పెద్దమనిషి కొడుతుంటే పిల్లలను చూడనిచ్చాడు. తర్వాత ఆ పిల్లలు కూడా బొమ్మను అచ్చం అలాగే కొట్టారు, అవే మాటలు అన్నారు. రెండేళ్ళ తర్వాత అదే దృశ్యాన్ని సినిమాగా తీసి చూపించినా పిల్లలు అలాగే చేశారు.

మన దేశంలో 'శక్తిమాన్' గుర్తుందా? 1997లో దూరదర్శన్‌లో మొదలైంది. శక్తిమాన్ వచ్చి కాపాడతాడని నమ్మి పిల్లలు ప్రమాదాలు తెచ్చుకుంటున్నారని అప్పట్లో వార్తలు వచ్చాయి. ఆ పాత్ర వేసిన ముఖేష్ ఖన్నాయే తెరమీదికి వచ్చి ఇలాంటివి చేయొద్దని పిల్లలకు చెప్పాల్సి వచ్చింది.

అలాగని ఫైటింగులు చూసిన ప్రతి పిల్లవాడూ రౌడీ అవుతాడని కాదు. కొందరు భయపడతారు, రాత్రి ఉలిక్కిపడి లేస్తారు. కొందరికి అలవాటైపోతుంది, ఎదుటివాడికి నొప్పి కలిగినా పట్టదు. నన్ను ఎక్కువ భయపెట్టింది ఈ రెండోదే. ఆ బొమ్మను చూసి నా పిల్లలిద్దరిలో ఒక్కరూ 'అయ్యో' అనలేదు.

గేటు దగ్గర ఆపుతారు, ఇంట్లో?

సెన్సారు వాళ్ళు 'ఎ' ఇచ్చిన సినిమాకు పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళను హాల్లోకి రానివ్వకూడదు. మా వరంగల్ బిడ్డ సందీప్ రెడ్డి వంగా తీసిన 'అర్జున్ రెడ్డి' (2017), 'యానిమల్' (2023) రెండూ 'ఎ' సినిమాలే. అవి పెద్దవాళ్ళకని పోస్టరు మీదే ఉంటుంది. 2024లో వచ్చిన కొత్త నిబంధనలతో 'యు/ఎ' కూడా 7, 13, 16 ఏళ్ళని మూడు రకాలైంది. కానీ ఆ సినిమా ఓటీటీలోకి వచ్చాక మన ఇంటి గేటు దగ్గర ఆపేదెవరు? ఆదివారం పూట ఇంటిల్లిపాదీ కలిసి చూసేయడమేగా!

"ఏం కాదులే, మేం చిన్నప్పుడు చూడలేదా?" అన్నారు మావారు. చూశాం. పండక్కో పబ్బానికో ఒక సినిమా. ఇప్పటి పిల్లలు పొద్దున్నుంచి రాత్రిదాకా చూస్తున్నారు. ఉప్పు కూరలో వేసుకుంటాం, అన్నం బదులు తింటామా?

మా ఇంట్లో ఏం చేశాం?

నేరాల కార్యక్రమం పిల్లలు పడుకున్నాకే. అన్నం తినేటప్పుడు వార్తలు కూడా బంద్. మొదటి వారం నాకే చేతులు కట్టేసినట్టు అనిపించింది.

ఓటీటీలో పిల్లలకు వేరే ప్రొఫైల్ పెట్టాం, మాదానికి పిన్ వేశాం. పెద్దల కార్యక్రమాలకు తాళం వేసుకునే వీలు ఉండాలని 2021 నిబంధనలే చెబుతున్నాయి. పిన్ మాత్రం మీ పెళ్ళిరోజు పెట్టకండి. మావాడు మొదటిరోజే కనిపెట్టాడు!

ఫోన్‌లో ఒక వీడియో అయిపోగానే దానంతటదే ఇంకోటి మొదలవకుండా ఆపాం. రెండేళ్ళలోపు పిల్లలకు తెర అసలే వద్దనీ, రెండు నుంచి ఐదేళ్ళ వాళ్ళకు రోజుకు గంట దాటకూడదనీ భారత పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది.

ఇప్పటికే ఏదైనా చూసేసి ఉంటే తిట్టకండి. పక్కన కూర్చుని అడగండి. "దెబ్బ తగిలినాయనకు నొప్పి పుట్టదా? వాళ్ళింట్లో వాళ్ళు ఏమనుకుంటారు?" అని. నిద్రలో భయపడటం, ఊరికే కొట్టడం ఎన్నాళ్ళకూ తగ్గకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి.

నానమ్మ కథలో కూడా యుద్ధమే

టీవీ కట్టేశాక సాయంత్రాలు గడవడమే కష్టమైంది. కొన్నాళ్ళు భద్రకాళి చెరువు కట్ట మీదికి తీసుకెళ్ళాను. ఒకరోజు వాన. పిల్లల గోల భరించలేక మా అత్తమ్మ సమ్మక్క కథ ఎత్తుకుంది. మేడారం మీదికి కాకతీయుల సైన్యం రావడం, పగిడిద్దరాజు, సారలమ్మ పోరాడి ఒరిగిపోవడం, సమ్మక్క కొడుకు జంపన్న సంపెంగ వాగులో దూకడం, ఆ నీళ్ళు ఎర్రబడి అది జంపన్న వాగు కావడం... అన్నీ చెప్పింది.

ఇందులోనూ రక్తమే కదా అని నాకు గుండె గుబగుబలాడింది. కానీ చెబుతూ చెబుతూ అత్తమ్మ గొంతు జీరబోయింది. చెల్లెలు భయపడి దగ్గరికి జరిగితే ఆగింది, తల నిమిరి మళ్ళీ మొదలుపెట్టింది. టీవీ ఆగుతుందా అలా?

పప్పుగుత్తి పట్టుకున్న మా వీరుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగాడు.

"జంపన్న సచ్చిపోతే వాళ్ళమ్మ ఏడ్చిందా నానమ్మా?"

"ఏడ్వదా బిడ్డా? కన్నతల్లి గాదా!" అంది అత్తమ్మ.

సినిమాల్లో కుప్పలుకుప్పలుగా పడిపోయే మనుషుల గురించి వాడు ఒక్కసారి కూడా అడగని ప్రశ్న అది.

ఆ బొమ్మ మెడకు మరక ఇంకా పూర్తిగా పోలేదు. రెండుసార్లు ఉతికాను. కనబడేట్టుగా టీవీ పక్కనే పెట్టుకున్నాను. పిల్లల కోసం కాదు, నాకోసమే!