ఇటలీ సంస్కృతి – విద్యార్థి పరిశోధనకు దారి

చదువు నిమిత్తము గ్రామమునుండి సికింద్రాబాదు చేరి నేరేడ్‌మెట్‌లో బసచేసిన పిల్లవాడు సెలవులకు ఇంటికి వచ్చి, “తాతా, ఇటలీ దేశపు సంస్కృతినిగూర్చి పరిశోధించి వ్యాసము వ్రాసి తెమ్మనిరి” అని చెప్పినయెడల పెద్దలు సాధారణముగా రెండు మాటలలో ఒకటి అందురు. ఆ దూరదేశపు గొడవ మనకేల యనునది మొదటిది. నాలుగు పుస్తకములు చూచి వ్రాసి పారవేయుమనునది రెండవది. రెండును పిల్లవానికి మేలుచేయవు.

ఇటలీ సంస్కృతి యనునది ఒక విషయము కాదు, సముద్రము. రోము సామ్రాజ్యము, పోపుగారి పీఠము, సంగీతము, చిత్రలేఖనము, వంటలు – ఇన్నిటిని పదిపుటలలో ఇరికించినవాడు ఒక్కదానినైనను తెలిసికొనడు. ప్రశ్న చిన్నదై యుండవలెను. దాని సాక్ష్యము చేతికందునంత దూరమున నుండవలెను. అట్టిది హైదరాబాదులోనే కలదు.

మూసీనది దక్షిణపుటొడ్డున సాలార్‌జంగు మ్యూజియములో ముసుగు ధరించిన రిబ్కా యను పాలరాతి విగ్రహమున్నది. దీని శిల్పి జొవాన్నీ మరియా బెంజోనీ యను ఇటలీ దేశస్థుడు. మొదటి సాలార్‌జంగు 1876లో ఐరోపాయాత్ర చేసినపుడు రోమునగరమున దీనిని కొనెను. రిబ్కా కథ బైబిలులోని ఆదికాండమున నున్నది. తన్ను పెండ్లాడనున్న ఇస్సాకు ఎదురువచ్చుట చూచి ఆమె ఒంటెదిగి ముసుగు వేసికొనెనట. పెండ్లిపీటలపై వధూవరుల నడుమ తెరపట్టుట నెరిగిన మనకు ఈ ఘట్టము క్రొత్తగా దోపదు. విగ్రహమున పలుచని వస్త్రములోనుండి కన్నులు, ముక్కు, పెదవులు కనబడుచున్నట్లుండును. ఆ రాయి అద్దమువంటిది కాదు. ముసుగు వేరుగా చేసి కప్పినదియు కాదు. ముడుతలను పైకి తేల్చి, వాని నడుమ ముఖరేఖలను మెత్తగా దీర్చి, వెలుగునీడలచేత శిల్పి మన కన్నును మోసపుచ్చెను.

ఇక ప్రశ్న. ఈ విగ్రహము 1876లో చెక్కబడెనని కొన్ని వ్రాతలలో చదువుచుందుము. బెంజోనీ 1873లోనే మరణించెను. మరణించినవాడు ఉలి పట్టడు గదా! ఆ సంవత్సరము చెక్కినదా, కొన్నదా? ఇదే మూర్తికి బెంజోనీ పలుప్రతులు చేసెను. అమెరికాలోని అట్లాంటా, డెట్రాయిట్ నగరముల మ్యూజియములలో అట్టివి నేడును గలవు. అట్లయిన మన రిబ్కా వానిలో ఎన్నవది? శిల్పి పోయిన పిదప అమ్మినవారెవరు? ఒక విద్యార్థికి ఇంతకు మించిన విషయ మక్కరలేదు. దీనిని వెదకుచు పోయినయెడల ఇటలీ శిల్పుల కార్యశాలలు, వారి బేరసారములు, శిష్యుల పనితనము దారిలో వానియంతట అవియే ఎదురగును.

భాషయందు ప్రీతిగల పిల్లవానికి మరియొక దారి గలదు. పదునైదవ శతాబ్దమున విజయనగరమును చూచిన నికోలో కోంటి తెలుగును ప్రాచ్యదేశపు ఇటాలియను భాష యనెనని మనము సభలలో గర్వముగా చెప్పుకొందుము. కోంటి యాత్రావృత్తాంతమును పోజ్జో యను పండితుడు లాటినులో వ్రాసెను. 1857లో దాని ఆంగ్లానువాదము వెలువడెను. ఆ పుటలు స్వయముగా తిప్పి, ఆ మాట కనబడినచో పుటసంఖ్య వేయవలెను. లేనిచో అట్లు ప్రసిద్ధి గలదని మాత్రమే వ్రాయవలెను. పెద్దల మనసు నొచ్చునేమోయని పిల్లవాడు జంకకుండ మనమే ముందు అనుమతి నీయవలెను.

ఏ దారి పట్టినను నోటుపుస్తకములో ప్రతి పుటను నిలువుగా రెండుగా మడచి, ఒకవైపు తాను చూచినది, రెండవవైపు ఇతరులు చెప్పినది వ్రాసికొనుమనుడు. విగ్రహము నెన్నుకొనినవాడు పుస్తకములకంటె ముందు విగ్రహమునే చూడవలెను. చుట్టును తిరిగి బొమ్మ గీసికొని, ప్రక్కనున్న ఫలకమును అక్షరము తప్పక ఎత్తివ్రాసికొనవలెను. పిదప మ్యూజియము అధికారులకును, అట్లాంటావారికిని జాబు వ్రాయవచ్చును. ఈ కాలమున జాబు నిమిషములో చేరును. ప్రత్యుత్తరమునకు మాత్రము నెల పట్టవచ్చును గనుక ఆ పని మొదటి వారముననే జరుగవలెను. శుక్రవారము మ్యూజియము మూసియుండును. నేరేడ్‌మెట్‌నుండి శనివారము ఉదయమే బయలుదేరుట మంచిది.