నీరు ఉంటే చాలదు, తూము తెరవాలి

ఒకసారి తట్టు వచ్చి తగ్గిన బిడ్డకు మరల ఆ రోగము సాధారణముగా రాదు. ఆ క్రిమిని గుర్తుపట్టే యాంటీబాడీలు ఆ బిడ్డ రక్తములో నిలిచియుంటాయి. అయితే క్రిములు లెక్కలేనన్ని. మన జన్యువులు సుమారు 20 వేలే. ఇన్ని రకముల యాంటీబాడీలు ఎలా తయారవుతున్నాయి?

జపాను శాస్త్రవేత్త సుసుము టోనెగావా 1976లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరములో దీనికి జవాబు చూపించారు. 1987లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. యాంటీబాడీ జన్యువు మొదట తునకలుగా ఉంటుంది. ఎముకల మూలుగలో పెరిగే ప్రతి బి కణము వి, డి, జె అనే గుంపులలో నుండి ఒక్కొక్క తునకను తీసుకొని అతుకుతుంది. మనుష్యులలో పనికివచ్చే తునకలు వరుసగా సుమారు 40, 23, 6. ఇవి గుణిస్తే ఐదు వేలకు పైగా కూర్పులు! యాంటీబాడీలోని రెండవ భాగపు కూర్పులు కూడ కలిస్తే సంఖ్య లక్షలు దాటుతుంది.

ఈ తునకలను కోసే కత్తెర పేరు రాగ్. ఇక్కడ ఒక సంగతి గమనించండి. థైమస్ గ్రంథిలో పెరిగే టి కణాలలోను ఇదే కత్తెర ఉంది. అయినా అక్కడ యాంటీబాడీ జన్యువు పూర్తిగా కూర్చబడదు. కారణమేమి?

మన చెరువు సంగతి చూడండి. నీరు నిండుగా ఉన్నా, నీరటికాడు తూము తెరవనిదే మడి తడవదు. డి.ఎన్.ఏ.లోను అటువంటి తూములు ఉన్నాయి. వాటిని ఎన్‌హాన్సర్లు అంటారు. యాంటీబాడీ జన్యువులోని ఎన్‌హాన్సరును 1983లో కనుగొన్నారు. అది తానుగా యాంటీబాడీలో భాగము కాదు. బిగువుగా చుట్టుకొనియున్న డి.ఎన్.ఏ.ను సడలించి, కత్తెరకు దారి ఇస్తుంది. 1993లో ఎలుకలలో దానిని తొలగించి చూడగా, తునకల కూర్పు కుంటుపడింది.

తూము తప్పు మడికి తెరచుకుంటే పైరు పాడైనట్లే, ఇక్కడా కీడు కలుగుతుంది. డి.ఎన్.ఏ.ను కోసి అతికే పనిలో పొరపాటు జరిగి, కణముల పెరుగుదలను నడిపే మిక్ అనే జన్యువు 8వ క్రోమోజోము నుండి 14వ దానిలోని యాంటీబాడీ జన్యువు ప్రక్కకు చేరవచ్చు. అప్పుడు అక్కడి ఎన్‌హాన్సర్లు దానిని ఆపకుండా పనిచేయిస్తాయి. అదే బర్కిట్ లింఫోమా అనే క్యాన్సరు. డెనిస్ బర్కిట్ అనే వైద్యుడు 1958లో ఉగాండా పిల్లలలో దీనిని వర్ణించారు.

ఇది బహు త్వరగా పెరుగుతుంది. అయినా సకాలములో మందులు వాడితే చాలామంది పిల్లలు బాగుపడుతున్నారు. కనుక తల్లిదండ్రులారా, బిడ్డ దవడ గాని కడుపు గాని రోజురోజుకు వాచిపోతుంటే, పసరు కట్టి వేచియుండవద్దు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకొని వెళ్ళండి.