గుప్పెడంత కాపలాదారు

చేవెళ్ళలోనో, మొయినాబాద్‌లోనో పంక్చరు షాపు ముందు మీరు ఎప్పుడైనా నిలబడే ఉంటారు. షాపు కుర్రవాడు స్కూటరు ట్యూబులో గాలి నింపి, గొట్టం తీయగానే ఒక పని చేస్తాడు. వేలు ఉమ్మితో తడిచేసి వాల్వు మూతి మీద రాస్తాడు. బుడగ లేచిందా, గాలి పోతున్నట్టే. లేవలేదా, "ఇక తీసుకుపో" అంటాడు.

ఆ వాల్వు మధ్యలో సన్నని పిన్ను ఉంటుంది. గోటితో నొక్కితే గాలి బుస్సుమంటుంది. వదిలితే ఆగిపోతుంది. ఎవరూ మూయనక్కరలేదు, తనంతట తానే మూసుకుంటుంది. ఇటువంటి వాల్వే, ఇంతకన్నా బలమైనది, మన వంటింట్లో గ్యాస్ సిలిండర్ నెత్తిమీద కూర్చుని ఉంది. గుండె పాఠంలో "కవాటం" అని చదువుకున్నారే, ఇదీ అదే జాతి. దాని సంగతి ఈసారి తెలుసుకుందాం.

సిలిండర్ లోపల ఏముంది?

ఇంట్లో వాడే పెద్ద సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. అందులో ముఖ్యమైనవి ప్రొపేన్, బ్యూటేన్. మామూలుగా ఇవి వాయువులే. పీడనంతో నొక్కిపెట్టడం వల్ల ద్రవంగా మారి ఉన్నాయి. ద్రవం పైన ఉన్న ఖాళీలో దాని ఆవిరి నిండి ఉంటుంది. పొయ్యికి వచ్చేది ఆ ఆవిరే. సిలిండర్‌ను ఎప్పుడూ నిలబెట్టే వాడాలని చెప్పేది అందుకే.

స్కూటరు టైరులో గాలి పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు 2 కిలోలు. సిలిండర్‌లో అది 5 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. మన ఎండల్లో ఇంకా పెరుగుతుంది. మరి గ్యాస్ సగం అయిపోతే పీడనం కూడా సగం అవుతుందా? కాదు! లోపల ద్రవం మిగిలి ఉన్నంత కాలం పీడనం ముఖ్యంగా ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది. అంటే, సిలిండర్ నిండుగా ఉన్నా, సగమే ఉన్నా వాల్వు చేసే కాపలా ఒక్కటే.

వాల్వు పనితీరు

వాల్వు ఒళ్ళు ఇత్తడిది. ఇత్తడి తుప్పు పట్టదు, రాపిడికి నిప్పురవ్వలు రాల్చదు. దాని లోపల ఒక పిన్ను, దానికి రబ్బరు బిళ్ళ, కింద ఒక స్ప్రింగు ఉంటాయి. స్ప్రింగు బిళ్ళను పైకి నెట్టి రంధ్రాన్ని మూస్తుంది.

ఇక్కడే అసలు తెలివి ఉంది. బిళ్ళ వైశాల్యం 1 చదరపు సెంటీమీటరు అనుకోండి. గ్యాస్ దాన్ని కిందినుంచి 5 కిలోల బలంతో పైకి నొక్కుతుంది. అంటే తప్పించుకోవాలని చూసే గ్యాసే తలుపును గట్టిగా మూస్తుంది! దొంగ చేతే తాళం వేయించినట్టు కదూ!

రెగ్యులేటరు బిగించి నాబ్ తిప్పితే, దానిలోని కడ్డీ దిగి పిన్నును కిందికి నొక్కుతుంది. గ్యాస్ బయలుదేరుతుంది. దాని పీడనాన్ని రెగ్యులేటరు చదరపు సెంటీమీటరుకు సుమారు 30 గ్రాములకు తగ్గించి పొయ్యికి పంపుతుంది. నాబ్ కట్టేస్తే పిన్ను మళ్ళీ లేచి రంధ్రం మూసుకుంటుంది. రెగ్యులేటరుకూ వాల్వుకూ మధ్య సందు లేకుండా చూసేది వాల్వు గూటిలో కూర్చున్న ఒక చిన్న రబ్బరు ఉంగరం. "ఓ" అక్షరంలా గుండ్రంగా ఉంటుంది కనుక దాన్ని ఓ-రింగు అంటారు.

ఇంత చిన్నదిగా ఎందుకు?

చేవెళ్ళ నుంచి పల్లెకు సిలిండర్ ఆటోలో ఎగురుతూ వస్తుంది. దించేటప్పుడు దొర్లుతుంది, ఒక్కోసారి కింద పడుతుంది. వాల్వు పొడుగ్గా బయటికి ఉంటే మొదటి దెబ్బకే విరుగుతుంది. పొట్టిగా ఉంటే చుట్టూ ఉన్న ఇనుప కట్టు చాటున భద్రంగా ఉంటుంది. అతుకులు తక్కువైతే కారే చోట్లూ తక్కువే.

ఇంకో సంగతి. వెల్డింగు షాపులో ఆక్సిజన్ సిలిండర్ చూడండి. దాన్ని చేత్తో తిప్పి తెరవాలి, చేత్తోనే మూయాలి. మూయడం మరిచిపోతే తెరిచే ఉంటుంది. కట్టెల పొయ్యి తప్ప ఎరగని ఇళ్ళకు 1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల పథకం గ్యాస్‌ను తెచ్చాయి. పొయ్యి వెలిగించే అవ్వకు పీడనం సంగతి తెలియకపోవచ్చు. ఆమె రెగ్యులేటరు తీసినా వాల్వు తనే మూసుకోవాలి. మంచి యంత్రం మనిషి జ్ఞాపకశక్తి మీద ఆధారపడదు.

అయినా ప్రమాదాలెందుకు?

ఈ సందేహం మీకు రావాలి! రబ్బరు అరుగుతుంది, చిట్లుతుంది. పిన్ను కింద ఇసుక రేణువు ఇరుక్కున్నా బిళ్ళ పూర్తిగా మూసుకోదు. 1 లీటరు ద్రవం ఆవిరైతే సుమారు 250 లీటర్ల గ్యాస్ అవుతుంది. అది గాలికన్నా బరువు కనుక నేలమీద పరుచుకుంటుంది. గదిలోని గాలిలో నూటికి రెండు పాళ్ళు ఉన్నా చాలు, ఒక్క నిప్పురవ్వతో అంటుకుంటుంది. 1997 సెప్టెంబరు 14న విశాఖపట్నం చమురుశుద్ధి కర్మాగారంలో ఈ గ్యాసే కారి అంటుకుని సుమారు 60 మంది చనిపోయారు. అక్కడ పెద్ద ట్యాంకులు, ఇక్కడ చిన్న సిలిండర్. సూత్రం మాత్రం ఒక్కటే.

లీకు ఎక్కడో కనిపెట్టడం తేలికే. తెల్లమూత తీయగానే, రెగ్యులేటరు పెట్టకముందే బుస్సుమంటే లోపలి బిళ్ళ సరిగా మూసుకోలేదన్నమాట. రెగ్యులేటరు పెట్టి నాబ్ తిప్పాకనే వాసన వస్తే ముందుగా ఓ-రింగును అనుమానించాలి. అందుకే కొత్త సిలిండర్ తెచ్చిన మనిషిని వెంటనే పంపేయకండి. మూత తీయించి, సబ్బునీళ్ళతో పరీక్ష చేయించండి. అగ్గిపుల్ల మాత్రం ఎన్నడూ వద్దు!

తరువాత ఎప్పుడైనా గ్యాస్ వాసన వస్తే పెద్దవాళ్ళను పిలవండి. నాబ్ కట్టించి, తెల్లమూత బిగించి, తలుపులూ కిటికీలూ తెరిపించండి. కరెంటు స్విచ్చి వేయవద్దు, తీయవద్దు. ఇంటి బయటికి వచ్చి 1906 నంబరుకు ఫోను చేయించండి.

ఆ తెల్లమూతను నైలాను దారంతో వాల్వుకే ఎందుకు కట్టి ఉంచారో ఇప్పుడు తెలిసింది కదా? అవసరం పడ్డప్పుడు వెతుక్కోకుండా చేతికి అందాలని. దాన్ని తెంచి పారేయకండి.

పంక్చరు షాపు కుర్రవాడి వేలి తడి, మన వంటింటి సబ్బునీళ్ళు, రెండూ చేసే పరీక్ష ఒక్కటే. అతడు రెండు రూపాయల గాలి కోసం బుడగ చూస్తాడు. మన ఇంటిల్లిపాది ప్రాణాల కోసం మనం చూడవద్దూ?