ఆడవాళ్ళ సీరియలూ, మగవాళ్ళ డిటెక్టివూ

మగవాళ్ళు డిటెక్టివ్ నవలలు చదువుతారు, ఆడవాళ్ళు ప్రేమ నవలలు చదువుతారు అని మనలో ఒక నమ్మకం పాతుకుపోయింది. పుస్తకాలమ్మేవారూ ఆ మాటే అంటారు, పత్రికలు నడిపేవారూ ఆ మాటే అంటారు, విమర్శకులైతే కాస్త ముఖం చిట్లించి మరీ అంటారు. నేను బెజవాడలో పుట్టి, బెజవాడలోనే తెలుగు పాఠాలు చెప్పుకొని బతుకుతున్నవాణ్ణి. తెలుగుదేశం నలుమూలలకూ పుస్తకాలూ పత్రికలూ అచ్చువేసి పంపిన ఊరు ఇది. ఇక్కడినుంచి చూస్తే ఆ నమ్మకం అంత గట్టిదిగా కనిపించదు సుమండీ!

ఈ సంగతి ఈమధ్య మళ్ళీ నా బుర్రలో తిరగడానికి కారణం మా కాలేజీ పిల్లలు. వెనుక బల్లలమీద తలలు వంచుకొని సెల్‌ఫోనుల్లో ఏదో చదువుతుంటే ఏమిటర్రా అని అడిగాను. మాంగా అన్నారు. మాంగా అంటే జపాను వాళ్ళ బొమ్మల కథలు. మన బుజ్జాయిగారి డుంబును కాస్త గుర్తు చేసుకోండి. కాకపోతే వీటిలో కొన్ని కథలు ఏళ్ళ తరబడి సాగుతాయి. అక్కడ కూడా ముందు వారపత్రికలోనో మాసపత్రికలోనో సీరియల్‌గా పడి, తరువాత సంపుటాలుగా వస్తాయి. అదంతా మనం ఎరిగిన వ్యవహారమే. ఎరగనిదల్లా వాళ్ళ పంపకం. మగపిల్లల పత్రికలలో వచ్చేది షోనెన్, ఆడపిల్లల పత్రికలలో వచ్చేది షోజో, ఎదిగిన మగవాళ్ళకు సైనెన్, ఎదిగిన ఆడవాళ్ళకు జోసెయ్. సాహసాలూ కత్తియుద్ధాలూ ఒకవైపు, ప్రేమలూ మనసులోని గుబుళ్ళూ ఇంకొకవైపు. బళ్ళో ఆడపిల్లల వరుస, మగపిల్లల వరుస వేసినట్లు పుస్తకాలకు కూడా వరుసలు వేసి పెట్టారన్నమాట.

మరి ఆ వరుసల్లో పిల్లలు కూర్చున్నారా? 1968లో మొదలైన షోనెన్ జంప్ అనే పత్రిక పేరులోనే ‘బాలుడు’ అనే మాట ఉంది. అందులో 1997లో మొదలైన వన్ పీస్ అనే ఓడదొంగల కథకు మా తరగతిలో అందరికంటే పెద్ద అభిమాని ఒక అమ్మాయి. ఆ సంగతి ఆమె అందరి ఎదుటా ధైర్యంగా చెప్పింది. ఫ్రూట్స్ బాస్కెట్ అనే షోజో కథ చదివిన అబ్బాయి కూడా ఒకడున్నాడు. అతడు మాత్రం క్లాసు అయిపోయాక వరండాలోకి వచ్చి, అటూ ఇటూ చూసి నాతో చెప్పాడు. ఈ తేడాను కాస్త గుర్తుంచుకోండి. దీనితో పని ఉంది.

మన దగ్గర పత్రికలకు వరుసలు వేయడం కొత్తేమీ కాదు. 1902లోనే హిందూసుందరి వచ్చింది. 1928లో మద్రాసులో కేసరిగారు గృహలక్ష్మి ప్రారంభించారు. స్త్రీల కోసం ప్రత్యేకంగా పత్రికలు కావలసిన రోజులవి. 1951 జనాభా లెక్కల్లో దేశం మొత్తంమీద చదవను వ్రాయను వచ్చిన మగవాళ్ళు నూటికి 27 మంది అయితే, ఆడవాళ్ళు తొమ్మిదిమందైనా లేరు. అందుచేత ఆ రోజుల్లో చదవడమంటే చాలా ఇళ్ళలో వినడమే. చదువు వచ్చిన కోడలు చదువుతూ ఉంటే, బియ్యంలో రాళ్ళేరుతూ అత్తగారూ, జడలు వేసుకుంటూ ఆడపడుచులూ, అరుగుమీద నిద్ర నటిస్తూ మామగారూ వినేవారు. ఆ కథకు పాఠకులు ఆడవాళ్ళా, మగవాళ్ళా? లెక్క తేల్చండి చూద్దాం.

కొవ్వలి లక్ష్మీనరసింహారావుగారు వేయి నవలలు వ్రాశారని పేరు. చిన్న పుస్తకాలు, చవక ధర, రైల్వే స్టేషనులో కొని బండి దిగేలోపల పూర్తి చేయవచ్చు. కొన్నది మగవాడే, ఎందుకంటే టిక్కెట్టు కొన్నదీ, చేతిలో చిల్లర ఉన్నదీ అతడే. ఇంటికి తెచ్చాక ఆ పుస్తకం పెట్టె అడుగునుంచి వంటింటి గూటిలోకి ఎప్పుడు వెళ్ళిందో ఆయనకు తెలియదు. కొవ్వలివారి నవలలు ఆడవాళ్ళకు చదివే అలవాటు చేశాయని పెద్దలు చెప్పుకొనేది ఊరికే కాదు. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు కూడా అలాగే ఇళ్ళలో ప్రవేశించారు.

యుగంధర్ మగవాళ్ళ సొత్తని అనడం నాకు మొదటినుంచీ వింతగా ఉంటుంది. ఏ ఇంటి తలుపు తట్టినా లోపలికి రానిస్తారు, అర్ధరాత్రి ఏ వీధిలోనైనా నడుస్తాడు, ఎవరినైనా సరే నిలబెట్టి ప్రశ్నలు వేస్తాడు. గుమ్మం దాటడానికి నలుగురినడగవలసిన మనిషికి ఇంతకంటే రుచించే కథ ఏముంటుంది?

ఇది ఊహ కాదు, మా ఇంటి అనుభవం. 1990 ప్రాంతాన సత్యనారాయణపురంలో మా ఇంటికి రెండు సందుల అవతల ఒక అద్దె పుస్తకాల షాపు ఉండేది. పుస్తకానికి రోజుకు అర్ధరూపాయి. ఎడమవైపు బీరువాలో డిటెక్టివులు, కుడివైపు ‘ఆడవాళ్ళ నవలలు’. షాపువాడు ఆ మాట కాగితంమీద వ్రాసి అంటించాడు కూడా. మా ఇంట్లో ఆడవాళ్ళెవరూ ఆ షాపు మెట్లెక్కి ఎరగరు. మగవాళ్ళు నిలబడి కబుర్లు చెప్పుకొనే చోటు అది. చీటీ పట్టుకొని వెళ్ళే ఉద్యోగం పదేళ్ళవాణ్ణి నాది. చీటీ మా మేనత్త వ్రాసేది: యద్దనపూడివి రెండు, మాదిరెడ్డి సులోచనది ఒకటి, చదివినవి ఇవ్వవద్దు. చిట్టచివర చిన్న అక్షరాలతో, ‘బాబాయికి యుగంధర్ ఒకటి.’ మా బాబాయి అప్పటికి రెండేళ్ళుగా నాగపూరులో ఉద్యోగం చేస్తున్నాడు!

ఖాతా మా తాతయ్య పేరున ఉండేది. ఏ పరిశోధకుడైనా ఆ షాపువాడి పుస్తకం తిరగేసి పాఠకుల అభిరుచులమీద వ్యాసం వ్రాస్తే, అరవై అయిదేళ్ళ రిటైర్డు గుమాస్తాగారు నెలకు పాతిక ప్రేమ నవలలు చదివారని తేలుతుంది. నిజం చెప్పాలంటే అందులో అబద్ధమంతా అబద్ధం కాదు. తాతయ్య మధ్యాహ్నం దినపత్రిక అడ్డం పెట్టుకొని చదివేది ఏమిటో ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ అనేవారు కాదంతే.

యద్దనపూడి సులోచనారాణిగారు మన కృష్ణా జిల్లా మొవ్వ దగ్గరి కాజ గ్రామంలో 1940లో పుట్టారు. ఆమె సెక్రటరీ 1960ల నడుమ జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. తరువాత నవలగా ఎన్ని ముద్రణలు పొందిందో తెలుగువాళ్ళకు చెప్పనక్కరలేదు. 1976లో సినిమా అయింది. అంతకు ముందే 1973లో మీనా, జీవనతరంగాలు సినిమాలుగా వచ్చాయి. కోడూరి కౌసల్యాదేవిగారి చక్రభ్రమణం ఇంకా ముందు, 1964లోనే, డాక్టర్ చక్రవర్తి అయింది. ఆరడుగుల కథానాయకుడు, పడవంత కారు అని సులోచనారాణిగారి నవలలను వెక్కిరించడం మనకు అలవాటు. నేనూ ఆ కారును సమర్థించబోవడం లేదు. కానీ ఆ కారు దిగినవాణ్ణి నిలబెట్టి, ‘మీరు నన్ను ఏమనుకొంటున్నారు?’ అని అడిగే అమ్మాయి సంగతి వెక్కిరించేవాళ్ళకు కనబడదు. సెక్రటరీలో జయంతి ఉద్యోగం చేసుకొనే పిల్ల. బెజవాడలో మేరీస్ స్టెల్లా కాలేజీ ఆడపిల్లల కోసం తెరిచింది 1962లో. డెల్టా గ్రామాలనుంచి వచ్చి డిగ్రీ పుచ్చుకొన్న పిల్లలకు తరువాతి ప్రశ్న ఒకటే: ఉద్యోగమా, పెళ్ళా, పెళ్ళయితే ఎటువంటివాడితో? ఆ ప్రశ్నమీద నడిచిన కథను వాళ్ళు చదవక ఎవరు చదువుతారు?

ఆ ఇరవై ఏళ్ళలో రచయిత్రుల పేర్లకు ఎంత గిరాకీ పెరిగిందంటే, మగ రచయితలు కొందరు ఆడపేర్లు పెట్టుకొని పత్రికలకు పంపించారు. అవసరం కోసం చేసినవారిని వదిలేయండి. సరదాకు చేసినవారూ ఉన్నారు. బెజవాడ నుంచి వెలువడిన ఆంధ్రజ్యోతి వారపత్రికలో పురాణం సుబ్రహ్మణ్యశర్మగారు ‘పురాణం సీత’ అయి ఇల్లాలి ముచ్చట్లు చెప్పారు. భాగవతుల నరసింగరావుగారూ, వారి భార్య త్రిపురసుందరమ్మగారూ కలిసి ‘బీనాదేవి’ అయ్యారు. జపానులో ఇది తలకిందులు. ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ అనే ప్రసిద్ధమైన షోనెన్ కథ గీసిన అరకవా హిరోము ఒక స్త్రీ. అసలు పేరు హిరోమి. మగపిల్లల పత్రిక గనుక మగపేరులా వినిపించేది పెట్టుకొన్నది. షోజో సంగతి మరీ చిత్రం. 1953లో ఆడపిల్లల పత్రికలో కత్తి పట్టిన రాజకుమారి కథ గీసింది తెజుకా ఒసాము అనే మగవాడు. ఆ రంగంలో హాగియో మోటో వంటి స్త్రీలు ముందుకు వచ్చింది 1970ల్లో. ఎవరి పేరు అట్టమీద ఉండాలో కొనేవాణ్ణి చూసి నిర్ణయించారు గాని, వ్రాయగలిగేవాళ్ళను చూసి కాదు.

రచయిత పేరే లేకపోతే ఏమవుతుంది? చందమామ చూడండి. దాసరి సుబ్రహ్మణ్యంగారు శిథిలాలయం వంటి సీరియల్సు పేరు వేసుకోకుండానే వ్రాశారు. శిఖిముఖి, విక్రమకేసరి ఇద్దరూ మగపిల్లలే. అయినా మా అక్కయ్య నాకంటే ముందు పత్రిక లాక్కొనేది. అది అబ్బాయిల కథ అని ఆమెతో ఎవరూ చెప్పలేదు. ‘పిల్లల మాసపత్రిక’ అన్నారు, ఆమె పిల్ల, చదివింది.

‘ఆడవాళ్ళ శీర్షిక’ అన్న ముద్ర ఎంత పలచనిదో చెప్పడానికి మాలతీ చందూర్‌గారు చాలు. నూజివీడులో పుట్టిన మనిషి. ఆంధ్రప్రభ వారపత్రికలో ప్రమదావనం దశాబ్దాలపాటు నడిపారు. వంటలు, పిండివంటలమీద పుస్తకం వ్రాసిన ఆ చేయే స్వాతి మాసపత్రికలో ‘పాత కెరటాలు’ పేరుతో ప్రపంచంలోని గొప్ప నవలలను వరుసగా పరిచయం చేసింది. మినపసున్ని పాళ్ళు చూసుకొందామని పత్రికలు తిప్పడం మొదలుపెట్టిన మా నాయనమ్మకు రష్యా నవలలు తెలిశాయి. 1980 ప్రాంతంలో యండమూరి వీరేంద్రనాథ్‌గారి తులసిదళం ఆంధ్రభూమి వారపత్రికలో వస్తున్నప్పుడు రాత్రి దీపం ఆర్పడానికి భయపడుతూ కూడా వచ్చేవారం సంచిక కోసం ఎదురుచూసింది మా ఇంటి ఆడవాళ్ళేనట. భయమూ, క్షుద్రపూజలూ మగవాళ్ళ సరుకని వాళ్ళకు ఎవరు చెప్పాలి?

నాయనమ్మ సీరియల్ కాగితాలు వారంవారం చించి, చాపలు కుట్టే సూదితో కుట్టి, క్యాలెండరు అట్ట వేసి దాచేది. ఆ కట్టలు ఇప్పుడు నా దగ్గర ఉన్నాయి. కాగితాల వెనుక వైపున వేరే కథల ముక్కలు వస్తాయి గదా, ఒక హత్య కథలో సగం అలా వచ్చింది. హంతకుడెవరో లేదు. ఆ ముక్క చివర నాయనమ్మ పెన్సిలుతో ‘వంటవాడు?’ అని వ్రాసుకొంది.

ఇక వరండాలోకి వచ్చి చెప్పిన అబ్బాయి సంగతి. ఆడపిల్ల మగపిల్లల పుస్తకం చదివితే చురుకైనదంటారు. మగపిల్లవాడు ఆడపిల్లల పుస్తకం చదివితే నవ్వుతారు. మా తాతయ్య దినపత్రిక అడ్డం పెట్టుకొన్నదీ అందుకే. తాను చదివినట్లు మగవాడు ఒప్పుకోని పుస్తకం సాహిత్య చరిత్రలోకి ఎలా వస్తుంది? చరిత్ర వ్రాసింది ఎక్కువగా మగవాళ్ళాయె. నేను ఎం.ఏ. చదివినప్పుడు నవల పాఠంలో రాజశేఖర చరిత్రమునుంచి చివరకు మిగిలేది దాకా చెప్పారు. ఇళ్ళలో లక్షలమంది చదివిన నవలల గురించి ‘కాలక్షేపం’ అని ఒక్క మాట. వాసిరెడ్డి సీతాదేవిగారి మట్టిమనిషి రైతు బతుకుమీద వ్రాసిన నవల గనుక దానికి కాస్త చోటు దొరికింది. ప్రేమను గురించి వ్రాస్తే మాత్రం గుమ్మం బయటే.

నేను పనిచేసే చోట లైబ్రరీకి పుస్తకాలు ఎంపిక చేసే కమిటీ ఒకటుంది. ఈ సంవత్సరం నా జాబితాలో కొమ్మూరివి నాలుగు, యద్దనపూడివి నాలుగు పెట్టాను. కొమ్మూరి వెంటనే నెగ్గారు. ‘పాపులర్ సాహిత్యంమీద పరిశోధనకు పనికివస్తాయి’ అన్నారు ఒకరు. సెక్రటరీ పేరు చదవగానే గదిలో నలుగురూ నవ్వారు. నవ్వినవారిలో ఇద్దరు ఆ నవల కథ మొత్తం, పాత్రల పేర్లతో సహా, అప్పటికప్పుడు చెప్పారు. అయినా కొట్టేశారు. వచ్చే సంవత్సరం మళ్ళీ పెడతాను.

ఈలోగా నా సొంత ప్రతి తరగతికి పట్టుకువెళ్ళాను. ఓడదొంగల అభిమాని అమ్మాయి తీసుకొని నాలుగు రోజుల్లో చదివి తెచ్చింది. “సార్, ఇది పక్కా షోజో సార్! కాకపోతే ఆ రాజశేఖరాన్ని నేనైతే అంత తొందరగా క్షమించను” అంది. పుస్తకం నా చేతికి రాకముందే వరండా అబ్బాయి బల్ల కిందనుంచి చేయి చాచాడు. రెండు నెలలైంది, ఇంకా తిరిగి ఇవ్వలేదు. అడిగితే, వాళ్ళ నాన్నగారు చదువుతున్నారట.